రెవరెండ్ అనే మాట వెనుక ఒక సమాధి రాయి



మన పల్లె సంఘాల్లో పెండ్లి శుభలేఖ అచ్చు వేయించేటప్పుడు ఒక తర్జనభర్జన తప్పకుండా వస్తుంది. వరుడి పేరు, వధువు పేరు, తేదీ, స్థలం అయిదు నిమిషాల్లో తేలిపోతాయి. పెండ్లి జరిపించే సేవకుల పేర్లు వేసే చోటికి వచ్చేసరికి పని ఆగిపోతుంది. ఎవరికి ‘రెవ.’ వేయాలి, ఎవరికి ‘పాస్టర్’ వేయాలి, ఎవరికి ‘బ్రదర్’ సరిపోతుంది, ‘రెవ. డా.’ అని వేయకపోతే ఎవరు నొచ్చుకుంటారు? ఇంటి పెద్దలు తల పట్టుకుంటారు. మా యౌవనస్థుల కూటంలో ఒక అబ్బాయి సూటిగానే అడిగాడు: “అయ్యగారూ, రెవరెండ్ అంటే పాస్టర్ కంటే పెద్ద పోస్టా?”

పోస్టు కాదు, డిగ్రీ కూడా కాదు. సెమినరీలో చదివితే బి.టి.హెచ్., బి.డి. వంటి పట్టాలు వస్తాయి గాని ‘రెవరెండ్’ అనే పట్టా ఎక్కడా ఇవ్వరు. మరి ఈ మాట ఏమిటి, మన పేర్ల ముందుకు ఎలా వచ్చింది? ఈ చరిత్ర తెలుసుకోదగినది. ఈ ఒక్క మాట కోసం ఒక తండ్రి కోర్టుల చుట్టూ తిరిగాడు.

ముందు మాట అర్థం చూద్దాం. ఇది లాటిన్ మాట. భయభక్తులతో చూడటం అనే క్రియ నుండి ‘రెవరెండుస్’ పుట్టింది. భయభక్తులతో చూడదగినవాడు అని అర్థం. మనకు ఇటువంటి మాటలు కొత్తేమీ కావు. పూజనీయుడు, వందనీయుడు, గౌరవనీయుడు అంటాం కదా, సరిగ్గా అదే పోలిక. అంటే ఇది పేరుకు ముందు తగిలించే విశేషణం, అంతే. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఉత్తరం మీద ‘మ.రా.రా.శ్రీ’ అని రాసి పేరు రాసేవారు. మహారాజ రాజశ్రీ అన్నమాట. ఆ ఉత్తరం అందుకున్నవాడు మహారాజు కాడని పోస్టుమానుకూ తెలుసు, రాసినవాడికీ తెలుసు. అది మర్యాద. రెవరెండ్ కూడా అటువంటిదే. అందుకే ఇంగ్లీషు బాగా తెలిసినవారు ‘ఆయన ఒక రెవరెండ్’ అంటే ఒప్పుకోరు. మనం ‘రెవరెండ్ గారు వచ్చారు’ అంటే వారి చెవికి ‘శ్రీ గారు వచ్చారు’ అన్నట్టు వినబడుతుంది.

క్రొత్త నిబంధనలో సంఘ పరిచర్యకు ఉన్న పేర్లు వేరు. పెద్దలు, అధ్యక్షులు, కాపరులు, ఉపదేశకులు, పరిచారకులు. ఇవన్నీ పనిని చూపే పేర్లు. కాపరి గొఱ్ఱెలను కాస్తాడు, ఉపదేశకుడు బోధిస్తాడు. రెవరెండ్ అనే మాటలో మాత్రం పని ఏదీ లేదు. ఎదుటివాడు మనలను ఎలా చూడాలో చెప్పే మాట అది. ఈ తేడా ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

ఇంగ్లాండులో మొదట్లో ఈ మాట పాదిరులకు మాత్రమే సొంతం కాదు. 15వ శతాబ్దం నుండి గౌరవించదగినవారు ఎవరికైనా, న్యాయాధిపతులకు సైతం, వాడేవారు. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయపు పట్టా లేని ఊరి పాదిరిని ‘సర్’ అని పిలిచేవారు. షేక్స్పియర్ నాటకం ఒకదానిలో ‘సర్ హ్యూ ఎవాన్స్’ అని ఒకాయన వస్తాడు. ఆయన కత్తి పట్టిన వీరుడు కాడు, ఊరి పాదిరి. మన ఊళ్లలో ‘దొరగారు’ అన్నట్టే అనుకోండి. 17వ శతాబ్దం నుండి రెవరెండ్ అనే మాట పాదిరుల పేర్ల ముందు స్థిరపడింది. ఆ తరువాత మెట్లు కూడా ఏర్పడ్డాయి. పాదిరి రెవరెండ్ అయితే కెథడ్రల్ డీన్ ‘వెరీ రెవరెండ్’, బిషప్ ‘రైట్ రెవరెండ్’, ఆర్చిబిషప్ ‘మోస్ట్ రెవరెండ్’. మన దక్షిణ ఇండియా సంఘములో కూడా ఈ మెట్లే నడుస్తున్నాయి. బిషప్ గారికి రైట్ రెవరెండ్, మోడరేటర్ గారికి మోస్ట్ రెవరెండ్. అయితే ఆ సంఘ నియమావళిలో పదవి పేరు ‘ప్రెస్బిటర్’. అది పెద్ద అనే గ్రీకు మాట. రెవరెండ్ ఆ పెద్దను పిలిచే మర్యాద మాత్రమే.

ఇక సమాధి రాయి సంగతికి వస్తాను.

ఇంగ్లాండులో లింకన్‌షైర్ అనే జిల్లా ఉంది. అందులో ట్రెంట్ నది ఒడ్డున ఔస్టన్ ఫెర్రీ అనే ఊరు. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఎప్‌వర్త్ ఉంది. 1703లో జాన్ వెస్లీ పుట్టిన ఊరు అదే. వెస్లీ తండ్రి శామ్యూల్ ఆ ఊరి ఆంగ్లికన్ పాదిరి. జాన్ వెస్లీ కూడా ఆంగ్లికన్ పాదిరిగానే బ్రతికి, 1791లో పాదిరిగానే చనిపోయాడు. కాని 1742లో ఆయన ఎప్‌వర్త్ వెళ్ళినప్పుడు సొంత తండ్రి సేవ చేసిన గుడిలో ప్రసంగానికి అక్కడి పాదిరి ఒప్పుకోలేదు. వెస్లీ ఏమి చేశాడు? గుడి ఆవరణలో ఉన్న తండ్రి సమాధి మీద నిలబడి ప్రసంగించాడు. జనం తండోపతండాలుగా వచ్చారు. మెథడిస్టుల కథలో సమాధి రాయి ముచ్చట అప్పుడే మొదలైందనవచ్చు.

వెస్లీ పోయిన రెండేళ్లకు, 1793లో, ఆయన ప్రసంగీకుల కాన్ఫరెన్సు ఒక తీర్మానం చేసింది. ఇకమీదట మనలో మనం రెవరెండ్ అనే బిరుదు వాడుకోకూడదని. మేము సామాన్యమైన ప్రసంగీకులం, ఆ బిరుదు ఆంగ్లికన్ పాదిరులది, మనకెందుకు అని వారి ఉద్దేశం. ఎంత బాగుంది! కాని కాలం మారుతుంది. వారి సంఘాలు పెరిగాయి, వారు ఆంగ్లికన్ సంఘము నుండి పూర్తిగా వేరుపడ్డారు, చేతులుంచి అభిషేకించే పద్ధతి వచ్చింది. 19వ శతాబ్దంలో వెస్లియన్ సేవకుల పేర్ల ముందు రెవరెండ్ మామూలైపోయింది.

1874లో ఔస్టన్ ఫెర్రీలో హెన్రీ కీట్ అనే వెస్లియన్ సేవకుడి కూతురు చనిపోయింది. చిన్నపిల్ల. పేరు ఆనీ అగస్టా. ఊరి సమాధుల తోట ఆంగ్లికన్ గుడి ఆవరణలోనే ఉండేది. అక్కడే పాతిపెట్టారు. తండ్రి రాయి వేయించాలనుకున్నాడు. ఆ రాయి మీద పిల్ల పేరు, తేదీతో పాటు ‘వెస్లియన్ సేవకుడైన రెవరెండ్ హెచ్. కీట్ కుమార్తె’ అని చెక్కించాలని కోరాడు. రాయి మీద ఏది చెక్కాలన్నా ఆ గుడి వికారు అనుమతి ఉండాలి. వికారు ఒప్పుకోలేదు. రాయి పెట్టుకో, పిల్ల పేరు చెక్కుకో, ‘రెవరెండ్’ మాత్రం కుదరదు అన్నాడు. ఆంగ్లికన్ అభిషేకం లేనివాడు రెవరెండ్ ఎట్లా అవుతాడని ఆయన వాదం. లింకన్ బిషప్ క్రిస్టఫర్ వర్డ్స్‌వర్త్ ఆయన పక్షమే నిలిచాడు. ఈ బిషప్ ప్రసిద్ధ కవి విలియం వర్డ్స్‌వర్త్‌కు తమ్ముడి కొడుకు.

ఇక్కడ కాసేపు ఆగాలి. కూతురిని మట్టిలో పెట్టిన తండ్రి ముందు నిలబడి, నీ పేరుకు ముందు రెండు అక్షరాలు ఉండకూడదని చెప్పడానికి ఒక సేవకుడికి నోరు ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. మా ఊళ్లలో కూడా సమాధుల దొడ్డి దగ్గర తగవులు చూశాను. స్థలం కోసం, దారి కోసం, ఏ సంఘము వారిని ఎక్కడ పెట్టాలనే దాని కోసం. ఏడుస్తున్న ఇంటివారి ఎదుట అటువంటి మాటలు మాట్లాడినవారిని ఆ ఇంటివారు ఎన్నటికీ మరచిపోరు.

కీట్ ఊరుకోలేదు. డయోసిస్ కోర్టుకు వెళ్ళాడు, ఓడిపోయాడు. పై సంఘ కోర్టుకు వెళ్ళాడు, 1875లో అక్కడా ఓడిపోయాడు. చివరికి ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళాడు. మన తాతల కాలంలో జమీందారీ తగాదాలు చివరగా వెళ్ళి తేలిన కోర్టు అదే. 1876లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. రెవరెండ్ అనేది చట్టం ఇచ్చిన బిరుదు కాదు, ఒక వర్గానికి సొంతమైన హోదా కాదు, మాట అర్థాన్ని బట్టే అది గౌరవాన్ని తెలిపే విశేషణం మాత్రమే, ఆ కారణంగా రాయిని ఆపడం కుదరదు అన్నది ఆ తీర్పు సారాంశం. కీట్ గెలిచాడు. మరి నాలుగేళ్లకు, 1880లో, ఆంగ్లికన్ గుడి ఆవరణలో ఇతర సంఘాలవారు తమ పద్ధతిలో భూస్థాపన చేసుకోవచ్చని పార్లమెంటు చట్టం కూడా చేసింది.

ఆ తీర్పులో ఒక విచిత్రం ఉంది. ఆ మాట అంత గొప్పది కాదని చెప్పి కోర్టు కీట్‌కు ఆ మాటను ఇచ్చింది. అది నిజంగా పాదిరి పదవి పేరే అయి ఉంటే ఆయన ఓడిపోయేవాడు. మర్యాద మాటే గనుక ఎవరైనా ఎవరికైనా వాడవచ్చు.

మన దేశంలో చట్టం కూడా ఈ మాటను పట్టించుకోదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం పెండ్లి ఎవరు జరిపించవచ్చో వరుసగా చెబుతుంది. బిషప్ చేతి అభిషేకం పొందినవారు, చర్చి ఆఫ్ స్కాట్లండ్ పాదిరులు, ఆ చట్టం కింద లైసెన్సు పొందిన సేవకులు, ఇలా సాగుతుంది. లైసెన్సు ఉందా, రిజిస్టరు ఉందా అని అడుగుతుంది. పేరు ముందు రెవ. ఉందా అని అడగదు. కనుక శుభలేఖ మీద ఏమి వేయాలని గంటసేపు వాదించే పెద్దలు, పెండ్లి జరిపించే ఆయనకు లైసెన్సు ఉందో లేదో ఒక నిమిషం కనుక్కుంటే పిల్లలకు రేపు పాసుపోర్టు దగ్గర, వీసా దగ్గర ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు వాక్యము సంగతి. రెవరెండ్ అనకూడదు అనేవారు కీర్తన 111:9 చూపిస్తారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ మాట వచ్చేది ఆ ఒక్క చోటే, అదీ దేవుని నామమును గూర్చి. కనుక దేవునికి చెందిన మాటను మనుష్యుడు తగిలించుకోకూడదు అని వాదం. వినడానికి బలంగా ఉంటుంది. కాని హెబ్రీలో అక్కడ ఉన్న ‘నోరా’ అనే మాట ఒక్క చోటే రాలేదు, చాలా చోట్ల ఉంది. బేతేలులో నిద్ర లేచిన యాకోబు ఆ స్థలమును గూర్చి అన్నది ఆ మాటే. మన తెలుగు బైబిలులో అక్కడ ‘భయంకరము’ అని ఉంది. పైగా అదే కీర్తనలో అదే వచనంలో దేవుని నామము పరిశుద్ధమని కూడా ఉంది. అపొస్తలుడు పౌలు విశ్వాసులందరినీ పరిశుద్ధులు అని పిలవలేదా? ఒక్క ఇంగ్లీషు అనువాదంలో ఒక్కసారి వచ్చిన మాట మీద సిద్ధాంతం కట్టడం నాకు సబబుగా కనబడదు.

మత్తయి 23వ అధ్యాయము మాత్రం వేరు. అక్కడ ప్రభువు సంతవీధులలో వందనములు కోరుకునేవారిని, విందులలో అగ్రస్థానాలు కోరుకునేవారిని గద్దించి, మీరందరు సహోదరులు అన్న మాట చెప్పాడు. దాన్ని ఎవరూ తప్పించుకోలేరు. ఆ మాటను అక్షరాలా పట్టుకున్నవారు చరిత్రలో ఉన్నారు. క్వేకర్లు అన్ని బిరుదులూ వదిలేశారు. లండనులో వేలమందికి బోధించిన స్పర్జన్ గారు అభిషేక ఆచారమే వద్దన్నాడు, రెవరెండ్ బదులు పాస్టర్ అనిపించుకున్నాడు. మన గోదావరి జిల్లాలకు 1836లో ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కూడా ఆ బ్రదరన్ మార్గంవారే. నరసాపురం చుట్టుపక్కల వారు నాటిన సంఘాల్లో ఈనాటికీ రెవరెండ్ అనే మాట వినబడదు. హైదరాబాదు హెబ్రోనులో సేవ చేసిన భక్త్ సింగ్ గారు 2000 సంవత్సరంలో ప్రభువునొద్దకు వెళ్ళేవరకు ‘బ్రదర్’ భక్త్ సింగ్‌గానే ఉన్నారు.

కాని మన తెలుగువాళ్ళం చేసే పని చూడండి. బిరుదు వద్దని బ్రదర్ అంటే, దానికీ ‘గారు’ చేర్చి ‘బ్రదర్ గారు’ అన్నాం. ఇప్పుడు అదొక బిరుదు. అన్నను అన్నగారు అనే జాతికి ఇది సహజమే. బ్రదర్ గారికి శుభలేఖలో బ్రదర్ అని వేయకపోతే ఆయన కూడా నొచ్చుకుంటాడు, నేను చూశాను.

ఇంతవరకు రాసి ఆపితే రెవరెండ్ అనే మాటను తీసి పక్కన పడేయవచ్చు అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. దానికి కారణం మన ఊళ్ళ చరిత్రలో ఉంది.

స్పర్జన్ గారు ఆ మాటను వదులుకోగలిగారు. ఆయనకు అప్పటికే లండను అంతా గౌరవం ఇచ్చింది. మన తాతలకు ఎవరు ఇచ్చారు? 1878 జూలై 3న ఒంగోలుకు దగ్గరలో వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ పేరు చెప్పగానే అందరూ క్లౌ దొరగారిని తలచుకుంటారు. కాని ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మము ఇచ్చింది క్లౌ దొర కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు సేవకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు. ఆ ఉద్యమంలో ప్రభువును నమ్ముకున్నవారిలో ఎక్కువమంది మాదిగపల్లెలవారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజులు. చిన్నపిల్లవాడు కూడా వారి పెద్దలను ‘ఒరే’ అని పిలిచిన రోజులు. అటువంటి పల్లెల్లోంచి వచ్చిన మనిషికి అభిషేకం జరిగితే మిషన్ నివేదికలో పేరు ముందు ‘రెవ.’ అని పడేది. దొరల పేర్ల ముందు ఏ మాట పడిందో అదే మాట. ఉపదేశులకు, బైబిలు స్త్రీలకు ఆ భాగ్యం లేదు, అది వేరే బాధ.

దోర్నకల్ బిషప్ అజరయ్య గారి సంగతి కూడా ఇటువంటిదే. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు నాడార్ కుటుంబంలో, ఒక పల్లె పాదిరికి కొడుకుగా పుట్టాడు. ఆయన పుట్టింది 1874లో, ఔస్టన్ ఫెర్రీలో ఆ పిల్ల చనిపోయిన సంవత్సరంలోనే. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ఎదుట నిలబడి, మీరు మాకు ఎన్నో ఇచ్చారు, స్నేహితులుగా మాత్రం ఉండలేకపోయారు అన్న భావం ధైర్యంగా చెప్పాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకించారు. రైట్ రెవరెండ్ అనే మాట మొదటిసారి ఒక భారతీయ ఆంగ్లికన్ పేరు ముందు పడింది. దోర్నకల్ చుట్టూ పల్లెల్లోని మాల, మాదిగ విశ్వాసులకు అది ఏమై ఉంటుందో ఊహించండి. నూరేళ్ల తరువాత, 2013లో, నంద్యాలలో పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘములో మొదటి మహిళా బిషప్ అయ్యారు. అదే మాట ఒక తెలుగు స్త్రీ పేరు ముందు పడింది.

కీట్ గారి గొడవ కూడా ఇదే కదా. ఆయన అహంకారంతో కోర్టుకు వెళ్ళాడని నేను అనుకోను. ‘నీ అభిషేకం అభిషేకం కాదు, నీ సంఘము సంఘము కాదు’ అని కూతురి సమాధి దగ్గర అనిపించుకున్నాడు. దానికి జవాబు చెప్పాడు. మెదకులో 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠించిన పెద్ద గుడిని కట్టించిన పాస్నెట్ దొరగారు ఆ వెస్లియన్ మిషనువారే. కీట్ తెచ్చుకున్న మాటనే వారు పేరు ముందు పెట్టుకుని మన దేశానికి వచ్చారు.

మా ప్రాంతంలో విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్ద పాస్టరుగారు ఉన్నారు. ఆయన ఇంటి గోడ మీద పేరు తప్ప ఏమీ లేదు, రెవ. లేదు. ఎందుకు రాయించలేదని అడిగితే నవ్వి, ఇంటికి వచ్చేవాళ్ళకు నేనెవరో తెలుసు కదా అన్నారు. కాని ఆయన పెట్టెలో ఒక పాత కవరు ఉంది. ఆయన అభిషేకం జరిగిన కొత్తలో ప్రభుత్వ ఆఫీసు నుండి వచ్చినది. దాని మీద రెవ. అని, చివర గారు అని ఉంది. వాళ్ళ నాన్నకు జీవితమంతా ఎవరూ గారు అని రాయలేదట. అందుకని ఆ కవరును వాళ్ళ నాన్నకు చూపించారట. నాన్నకు చదువు రాదు. ఏ అక్షరం గారు అని అడిగి, దాని మీద వేలు పెట్టి చూసుకున్నారట.

ఈ మాటను ఫ్లెక్సీల మీద చూసినప్పుడు నాకు రెండు రకాలుగా ఉంటుంది. ఏ సంఘమూ చేతులుంచకుండా, ఏ మందా కాయకుండా, డబ్బు కట్టి తెచ్చుకున్న డాక్టరేటుతో కలిపి నిలువెత్తు బొమ్మ పక్కన ‘రెవ. డా. బిషప్’ అని వేసుకున్నవారిని చూస్తే మత్తయి 23 గుర్తుకు వస్తుంది. పక్క పల్లెలో రేకుల షెడ్డులో ముప్పయి కుటుంబాలను కాస్తూ, పగలు కూలికి వెళ్ళి రాత్రి ప్రార్థన పెట్టే సేవకుడి పేరు ముందు ఎవరైనా ప్రేమతో ‘రెవ.’ అని వేస్తే, వేయనివ్వండి అంటాను. పేతురు పెద్దలకు రాసేటప్పుడు తనను తోటిపెద్ద అనుకున్నాడు, పౌలును ప్రియ సహోదరుడు అన్నాడు. బాగుగా పాలించే పెద్దలను రెట్టింపు సన్మానానికి పాత్రులుగా ఎంచమని తిమోతికి చెప్పింది కూడా అదే పౌలు.

మా సంఘములో పిల్లలు నన్ను అయ్యగారూ అంటారు, మా ఇంటావిడను అమ్మగారూ అంటారు. ‘అయ్యగారు’, ‘పాదిరి’ అనే మాటల సంగతి ప్రభువు చిత్తమైతే ఇంకొకసారి రాస్తాను. పోర్చుగీసువాళ్ళ ‘పాద్రె’ మన నోట పాదిరి ఎలా అయిందో అది కూడా పెద్ద కథే.